దయ్యం వల్ల లాభపడింది ఎవరు?

జనవరి 6, సోమవారం

పదో తరగతికి ప్రత్యేక తరగతులు మొదలయ్యాయి. బడి గంటకు ముందు ఒకటి, బడి విడిచాక ఇంకొకటి. నిరుడు ఇంగ్లీషులోనే ఎక్కువమంది తప్పారు కాబట్టి రెండూ నా మెడకే చుట్టారు. బోధన్‌లో పొద్దుటి బస్సు తప్పితే రుద్రూర్ దాకా షేర్ ఆటో, అక్కణ్ణించి ఊళ్ళోకి ఎవరి బండి దొరికితే అది. తిట్టుకుంటూ వెళ్ళాను, తిట్టుకుంటూ వచ్చాను.

ఇవాళ గైడులోంచి ఒక ప్యాసేజ్ చెప్పాను. చదివి అర్థం చేసుకుని కింద ప్రశ్నలకు జవాబులు రాయాలి. అమెరికా వాళ్ళ పాత దయ్యం కథ. కొండల మధ్య పల్లె, మంచు, వాగు మీద చెక్క వంతెన. వాగుకు ఇవతల పిండిమర యజమాని, అవతల ఒక విధవరాలు, ఆమె కూతురు. ఆ పిల్లను చేసుకుంటానని యజమాని శనివారం శనివారం గుర్రమెక్కి బయల్దేరతాడు. వంతెన నడుమ తెల్లబట్టల ఆడది లాంతరు పట్టుకుని నిలబడి ఉంటుంది. గుర్రం బెదురుతుంది, అతను వెనక్కి తిరుగుతాడు. చలికాలమంతా ఇదే తంతు. ఎండలు రాగానే అతను వేరే పిల్లను చేసుకుంటాడు. చివర్లో విధవరాలి ఇంటి అటక మీద ఒక లాంతరు కనబడుతుంది. అంతే కథ.

ఆఖరి ప్రశ్న: దయ్యం వల్ల లాభపడింది ఎవరు? గైడులో జవాబు: ఎవరూ లాభపడలేదు, దయ్యాలు మనుషులకు భయాన్ని మాత్రమే ఇస్తాయి. బోర్డు మీద రాశాను, పిల్లలు దించుకున్నారు. నాకా జవాబు నచ్చింది. నాన్న, మా బాపు, బతికుంటే ఆయనకూ నచ్చేది. ఊరూరా తిరిగి నిమ్మకాయలోంచి రక్తం తీసి, అది రక్తం కాదని చూపించేవాడు. పళ్ళెం పట్టుకుని పక్కన నిలబడింది నేనే.

జనవరి 9, గురువారం

సంజన లేచి ప్రశ్న అడిగింది. అది ముందు బెంచీలో కూర్చునే పిల్ల, చెరకు రైతు ముత్యం కూతురు. నా క్లాసులో డిక్షనరీ తిరగేసేది అదొక్కతే.

"మేడం, దయ్యమైతే దానికి లాంతరెందుకు? చీకట్ల దానికి కండ్లు కనవడయా?"

క్లాసంతా నవ్వింది. నేనూ నవ్వాను. లాంతరు అటక మీదికి ఎట్లా వచ్చిందని మళ్ళీ అడిగింది. సిలబస్ వెనకబడిందని, గైడులో ఉన్నది రాస్తే మార్కులు పడతాయని చెప్పి కూర్చోబెట్టాను. కూర్చుంది గానీ మొహం మాడ్చుకుంది. తెలివిగల పిల్లలతో ఇదే తంటా, ప్రతిదీ లాగుతారు.

పరీక్షలు ఏమైనా ముందుకు జరుపుతారా అని కూడా అడిగింది. ఇంకా ముందుకు జరిపితే నేను చస్తాను అన్నాను.

జనవరి 20, సోమవారం

సంక్రాంతి సెలవులయ్యాక బడి. సంజన రాలేదు. వాళ్ళ చెరకు తోటలో పొద్దుగూకాక దీపం కదులుతోందట. ఎన్నో ఏళ్ళ కింద మరాఠీ కూలీ ఆడమనిషి ఒకామె చెరకు కొడుతూ అక్కడ పాము కరిచి చనిపోయిందట, ఆమేనని సంజన నాయనమ్మ గడపలో కూర్చుని అందరికీ చెబుతోందట. దీపం చూసిన దగ్గర్నించి సంజన అన్నం ముట్టడం లేదట, తనలో తను నవ్వుకుంటోందట. గాలి సోకిందని ఊరంతా ఒకటే మాట.

పదో తరగతి పిల్లలు నా వైపు అదోలా చూశారు. దయ్యం పాఠం చెప్పింది నేనే కదా.

జనవరి 21

దయ్యాలు లేవు. ఈ మాట డైరీలో రాసుకోవాల్సి వస్తుందని అనుకోలేదు.

జనవరి 24, శుక్రవారం

ముత్యం ఇంటికి వెళ్ళాను. లెక్కల టీచర్ షాజియాను తోడు రమ్మంటే టెస్టు ఉందంది, ఒక్కదాన్నే వెళ్ళాను.

ఇల్లు తోట పక్కనే. బోధన్ ఫ్యాక్టరీ మూతబడ్డాక చాలామంది చెరకు మానేసి వరికి తిరిగారు. ముత్యం మాత్రం ఒక మడి ఉంచుకున్నాడు. వాళ్ళమ్మ హన్మవ్వ గడపలో కూర్చుని తమలపాకుకు సున్నం రాసుకుంటోంది. ఎర్రగా పండిన నోరు, ఎర్రటి వేళ్ళు. కూసో బిడ్డా అని పీట జరిపింది. ఇల్లు ఎంత శుభ్రంగా పెట్టుకున్నారో. పశువుల కొట్టంలో మేకుకు వేలాడే పాత కిరసనాయిలు కందిలి అద్దం కూడా తుడిచి తళతళలాడుతోంది. సంజన తల్లి పనిమంతురాలు అనుకున్నాను.

లోపలి గోడ మీద ఎర్రటి చేతి ముద్రలు. పెద్దవి కావు, ఆడపిల్ల చేతులంత. వాటిని చూపించి ముత్యం గుమ్మం దాకా వెనక్కి జరిగాడు. గోరుతో కొంచెం గీకి వాసన చూశాను. పసుపు. పసుపులో సున్నం కలిపితే ఎర్రబడుతుంది. నిరుడు సైన్స్ దినోత్సవానికి ఈ పిల్లలకు నేర్పింది నేనే, సంజన చేత చేయించింది కూడా నేనే.

నాకు అర్థమైంది.

సంజన మూల మంచం మీద జుట్టు విరబోసుకుని కూర్చుంది. నన్ను చూసి నవ్వింది, తర్వాత తల తిప్పుకుంది. చెవులకు కొత్త కమ్మలు, బంగారువే అనుకుంటాను. గోడ వైపు చూసి మళ్ళీ దాని వైపు చూశాను. నాకు తెలిసిపోయిందని దానికీ తెలిసింది. కళ్ళతోనే వద్దు అన్నట్టు చూసింది. దొరికిపోయినప్పుడు పిల్లలంతా అట్లాగే చూస్తారు.

ఇది పరీక్ష భయం. తెలివిగల పిల్లలకే ఎక్కువ. మార్కులు తగ్గుతాయేమోనని మనసు ఒంటి మీద కక్ష తీర్చుకుంటుంది. నాకు అంతా అర్థమైంది.

జనవరి 25

షాజియాకు చెప్పాను. పరీక్ష భయం కాదు సవితక్కా, ఆ ఇంట్లో ఇంకేదో నడుస్తోంది, ముందు పిల్లను పక్కకు పిలిచి అడగమంది. షాజియాకు ప్రతిదానిలో పెళ్ళి వాసనే వస్తుంది. దొంగను పట్టుకున్నాక ఎందుకు చేశావని అడుగుతూ కూర్చుంటే అది ఇంకో కథ అల్లుతుంది.

మా ఆయన పరమేశ్వర్‌కు కూడా చెప్పాను. నీకు దయ్యం పడితే పాపం అదే పారిపోతుందిలే అన్నాడు. కూర బాగుందని మాత్రం అనలేదు.

జనవరి 28, మంగళవారం

సంజనను గుట్ట మీది దర్గాకు తీసుకెళ్ళి తాయెత్తు కట్టించుకొచ్చారు. తోట వైపు దారిలో వచ్చే ఆడపిల్లలంతా సాయంత్రం క్లాసు మానేశారు. ఇట్లా అయితే ఫలితాలు మట్టి కొట్టుకుపోతాయి. హెడ్మాస్టర్ నదీం సార్‌ను అడిగాను, శనివారం తల్లిదండ్రుల మీటింగులో నేను మాట్లాడతాను అని. పిల్ల పేరు తీయకుండా చెప్పండి మేడం అన్నారు. ఊరందరికీ తెలిసిన పేరు తీయకపోతే ఏం లాభం?

ఫిబ్రవరి 1, శనివారం

ఇవాళ బాపు నా చేతుల్లోకి వచ్చినట్టు ఉంది.

బడి ముందు షామియానా, కింద ఊరంతా. ఇంత జనం స్వాతంత్ర్య దినానికి కూడా రారు. బల్ల మీద ఒక గిన్నెలో పసుపు నీళ్ళు, ఒక గిన్నెలో సున్నపు తేట. ముందు నిమ్మకాయ కోసి రక్తం తీశాను. ఆడవాళ్ళు నోటికి కొంగు అడ్డం పెట్టుకున్నారు. తర్వాత నా రెండు చేతులూ ముంచి తెల్ల చార్టు మీద అద్దాను. ఎర్రటి ముద్రలు. ముత్యం లేచి నిలబడ్డాడు.

అప్పుడు చెప్పాను. ఇది పసుపు, ఇది సున్నం, ఈ జిల్లాలో ఈ రెండూ లేని ఇల్లు లేదు. సంజనకు ఏ గాలీ సోకలేదు, ఏ ఆడమనిషి ఆత్మా లేదు, పిల్లకు పరీక్షలంటే భయం పట్టింది, భయంలో ఇట్లాంటివి చేస్తారు, ఎవరూ తిట్టొద్దు కొట్టొద్దు అన్నాను. చప్పట్లు కొట్టారు. సర్పంచ్ మైకు తీసుకుని మా బడికి ఇట్లాంటి టీచర్ ఉండడం మా అదృష్టం అన్నాడు. నాకు కళ్ళు చెమర్చాయి, రాసుకోవడానికి సిగ్గెందుకు.

సంజన తల్లి పక్కన కూర్చుని ఉంది. జుట్టు దువ్వి జడ వేశారు. చప్పట్లప్పుడు అది నా వైపు చూసింది. కోపం ఉంటుందని అనుకున్నాను, లేదు. పరీక్ష హాల్లో టైమయిపోయి పేపరు లాక్కుంటే పిల్లలు ఎట్లా చూస్తారో అట్లా చూసింది. హన్మవ్వ లేచి మీటింగు మధ్యలోనే ఇంటికి వెళ్ళిపోయింది. ముసలివాళ్ళకు ఇవి నచ్చవు.

ఫిబ్రవరి 3, సోమవారం

ముత్యం లడ్డూల డబ్బాతో బడికి వచ్చాడు. స్టాఫ్ రూములో నా కాళ్ళకు మొక్కబోయాడు, ఆపాను.

"పెద్ద గండం తప్పించినవ్ మేడం. ఏర్గట్లోళ్లు ఎనుకకు పోతమన్నరు. గాలి సోకిన పిల్ల మాకెందుకన్నరు. గిప్పుడు మీ పేరు జెప్పి ధైర్నంగ మాట్లాడిన."

ఏర్గట్లోళ్ళెవరు అని అడిగాను.

ఏర్గట్ల ఊళ్ళో సాయన్న అని పసుపు రైతు, పెద్ద కుటుంబం. అతని కొడుకు సాయిరాం దుబాయిలో పని చేస్తాడు, సెలవు మీద వచ్చాడు, మార్చి మొదట్లో తిరిగి పోవాలి. పోయాడంటే మళ్ళీ రెండేళ్ళ దాకా రాడు. అందుకే సంజనతో నెలాఖరుకు పెళ్ళి ముహూర్తం పెట్టారు. సంక్రాంతికి ముందే మాట అనుకున్నారట.

సంజనకు పదహారే కదా, పరీక్షలు ఉన్నాయి కదా అన్నాను.

"పరీచ్చ భయమే గద మేడం దానికి? మీరే జెప్తిరి. పరీచ్చనే లేకపాయె, ఇగ భయమేడిది?"

హేళన చేయడానికి అనలేదు. నాకు కృతజ్ఞత చెప్పడానికే అన్నాడు. లడ్డూ కొరికి, మిగతాది కాగితంలో చుట్టి పెట్టాను. షాజియా డబ్బా మూత పెట్టి క్లాసుకు వెళ్ళింది. నన్ను ఒక మాట అని ఉంటే బాగుండేది.

ఫిబ్రవరి 4

గైడు తీసి ప్యాసేజ్ మళ్ళీ చదివాను. అటక మీద లాంతరు. విధవరాలి ఇంటి అటక మీద.

ఫిబ్రవరి 6, గురువారం

సంజన పుస్తకాలు తిరిగి ఇచ్చేయడానికి వచ్చింది. లైబ్రరీ డిక్షనరీ, మోడల్ పేపర్లు. గది ఖాళీగా ఉంది. నాకెందుకు చెప్పలేదని అడిగాను, నేనే తప్పించేదాన్ని కదా అన్నాను.

"చెప్తే మీరు మా బాపును పిలిపిస్తుంటిరి. బాపు పెండ్లి లేదు ఏం లేదు అంటుండె. మీరు నమ్ముతుంటిరి." డిక్షనరీ అట్ట సర్దింది. "గాయన దుబాయ్ పోయేదాక ఆగితే అయిపోతుండె మేడం. గంతే. మార్చిల పరీక్షలు రాస్తుంటి."

ఒక్క నెల. దానికి కావలసింది ఒక్క నెల దయ్యం. పాఠం చదివి అది అర్థం చేసుకుంది. పాఠం చెప్పిన నేను మైకు పట్టుకుని ఊరంతటి ముందూ దాన్ని పిల్లాడి వాళ్ళకు అప్పజెప్పాను.

నాకు దయ్యాలంటే కోపం. ఎంత కోపమంటే, అది ఎవరి వెనక నిలబడిందో, ఎవరి ముందు నిలబడిందో చూడలేదు. గోడ గీకి వాసన చూసి నాకు అర్థమైంది అని రాసుకున్నాను. పైన రెండుసార్లు ఉంది. కొట్టెయ్యాలనిపించింది, కొట్టెయ్యలేదు.

పోయేటప్పుడు అంది, ఆఖరి ప్రశ్నకు మీ జవాబు తప్పు మేడం అని. పొగరుగా అనలేదు. క్లాసులో ఎట్లా అంటుందో అట్లాగే అంది.

ఫిబ్రవరి 8

పిల్లల హెల్ప్‌లైన్‌కు నిన్ననే ఫోన్ చేశాను. ఇవాళ ఆఫీసర్లు వచ్చారు. మంచివాళ్ళే, మర్యాదగా మాట్లాడారు. ముత్యం ఆశ్చర్యపోయి పెళ్ళి మాటే లేదన్నాడు, సంతకం పెట్టాడు, చాయ్ తాగించాడు. పిల్ల కూడా తలవంచుకుని లేదంది. తండ్రి పక్కన నిలబడి ఇంకేమంటుంది.

షాజియా సాయంత్రం చెప్పింది. ముహూర్తం ఇక్కడ కాదట ఇప్పుడు. మహారాష్ట్ర వైపు ముత్యం బావమరిది ఊరు ఉంది, అక్కడికి పోతారట. సరిహద్దు దాటితే ఎవరు ఎవరిని అడుగుతారు.

ఫిబ్రవరి 10

ముత్యంతో మాట్లాడాను. తోట గట్టు మీద నిలబడి చాలాసేపు మాట్లాడాను. చట్టం చెప్పాను, ఆరోగ్యం చెప్పాను, సంజన మార్కులు చెప్పాను. అన్నీ విన్నాడు. పిల్లగాడు తాగడు, తిరగడు, మేడం, గిసొంటి సంబంధం మల్ల నా గడపకొస్తదా అన్నాడు. అతను దుర్మార్గుడైతే నాకు సులువుగా ఉండేది. చివరికి మీరే కాపాడిండ్రు, మీరే చెడగొడితే ఎట్ల అని చేతులు జోడించాడు.

ఫిబ్రవరి 12

నిద్ర లేదు, తిండి లేదు. పరమేశ్వర్ ఇవాళ జోకులేమీ వెయ్యలేదు.

ఫిబ్రవరి 14, శుక్రవారం

రాయాలి.

మధ్యాహ్న భోజనం అయ్యాక స్టాఫ్ రూము గుమ్మంలో ఒక పెద్దమనిషి నిలబడ్డాడు. తెల్ల ధోతి, భుజం మీద కండువా, గోళ్ళ నిండా పసుపు. పసుపు ఉడకబెట్టే కాలం కదా. ముత్యం పక్కనే ఉన్నాడు, వాళ్ళ వెనక హన్మవ్వ. నేను సాయన్నను, ఏర్గట్ల నుంచి వచ్చిన మేడం అని చెప్పుకున్నాడు. నదీం సార్ కుర్చీ వేయించారు. షాజియా పేపర్లు దిద్దుకుంటూ ఉంది.

సాయన్న మర్యాదస్థుడు. కుర్చీలో అంచు మీద కూర్చున్నాడు. ముత్యం మాట మీద తనకు నమ్మకం ఉందని, అయితే ఇంట్లో ఆడవాళ్ళు భయపడుతున్నారని, కొత్త కోడలితో గాలి ఇంట్లోకి వస్తే పిల్లగాడు పరాయి దేశంలో ఉంటాడని, ఎవరికి ఎవరు చెప్పుకోవాలని అన్నాడు. తర్వాత కండువా సర్దుకున్నాడు.

"మీరు సైన్సు మనిషి. అబద్దమాడరని ఊరంత అంటుండ్రు. ఒక్క మాట జెప్పుండ్రి మేడం. ఆ పిల్ల మీద ఏం లేదు అని మీరంటే సాలు, నేను ఇంకొకర్ని అడుగ."

ముత్యం నన్ను చూసి నవ్వాడు, ధైర్యంగా. నా జవాబు అతనికి ముందే తెలుసు. అందరికీ తెలుసు. పాతికేళ్ళుగా నేను ఇస్తున్న జవాబు అదొక్కటే.

బాపు గుర్తొచ్చాడు. పళ్ళెం గుర్తొచ్చింది. నా మాటకు ఈ ఊళ్ళో ఒక విలువ ఉంటే, అది దయ్యం లేదని చెప్పడం వల్ల వచ్చిన విలువే. దాన్ని ఒక్కసారే ఖర్చు పెట్టగలను. ఆ తర్వాత నా దగ్గర ఏమీ మిగలదు.

"గోడ మీద ముద్రలు పిల్ల చేసినయే," అన్నాను. "అది నేనే చూపించిన. కానీ దీపం సంగతి నేను చెప్పలే. చెప్పనీకి సిగ్గయింది." సాయన్న నా వైపు వంగాడు. "నేను చూసిన అన్నా. తోట కాడ, బస్సు కోసం నిలవడ్డప్పుడు. తెల్ల చీరె, చేతిల కందిలి. చెరకు కదలలే, ఆమె కదిలింది."

ముత్యం మొహం చూడలేకపోయాను. పిల్ల వెంట నడుస్తోందా అని సాయన్న అడిగాడు. నడుస్తోంది, అన్నాను.

అప్పుడు షాజియా పేపర్ల మీద నుంచి తల ఎత్తకుండానే మాట్లాడింది. "ఆ దినం అక్క వణుక్కుంట వచ్చింది. నేనే నీళ్లు తాగిపిచ్చిన." ఎర్ర పెన్నుతో ఏదో జవాబుకు టిక్కు పెట్టింది.

సాయన్న కుర్చీ వెనక్కి జరిపాడు. నిజం చెప్పినందుకు మేలు మేడం, పెద్ద మాట దాచి పెట్టకపోతిరి, అని లేచి దండం పెట్టాడు. ఆ దండం నన్ను కాల్చింది. ముత్యం గుమ్మం పట్టుకుని నిలబడ్డాడు. అతనికి ఇప్పుడు రెండు భయాలు, సంబంధం పోయిన భయం, పిల్లకు నిజంగానే ఏదో పట్టిందన్న భయం. మళ్ళీ దర్గాలూ, మంత్రగాళ్ళూ, వేపకొమ్మలూ. ఆ సంగతి అప్పటిదాకా ఆలోచించలేదు నేను. బడిలో ఉన్నప్పుడు అది దగ్గరికి రాదు, ముత్యమన్నా, పిల్లను ఇంట్లో కూసోవెట్టకు, పరీక్షలయ్యేదాకా ఇక్కడే ఉండనీ అన్నాను. ఎవరూ కొట్టొద్దు, కొడితే అది ఇంకా పట్టుకుంటది అని కూడా కలిపాను. ఇంత ధారాళంగా అబద్ధం చెప్పగలనని నాకు తెలియదు.

"అవ్ బిడ్డా," అంది హన్మవ్వ వెనక నుంచి. "సదువు ఉన్నకాడ గాలి నిలువది. మా అవ్వ సుత గదే అంటుండె." ముత్యం తల్లి మాట కాదనడు.

వాళ్ళు వెళ్ళాక నదీం సార్ తలుపు దగ్గరికి వేసి వచ్చారు. మెమో ఇస్తారనుకున్నాను.

"మేడం, జిన్నులు ఉన్నయని మేం నమ్ముతం. కానీ మీరు చూసినదాన్ని మాత్రం నేను నమ్మ," అని, చాయ్ తెప్పించారు.

ఫిబ్రవరి 17

బస్సులో నా పక్క సీటు ఖాళీ. ఆరో తరగతి పిల్లలు నన్ను చూసి కందిలి మేడం అంటున్నారు. సర్పంచ్ కనబడి, మీకు కూడానా మేడం అని నవ్వాడు. సైన్స్ క్లబ్బు పిల్లలు ఇద్దరు పేర్లు తీసేయమన్నారు. ఏం చెప్పాలి వాళ్ళకు? బాపు ఫొటో వైపు చూడకుండా తిరుగుతున్నాను.

ఫిబ్రవరి 18

సంజన బడికి వచ్చింది. కమ్మలు లేవు.

మార్చి 3, సోమవారం

సాయిరాంకు జక్రాన్‌పల్లి వైపు పిల్ల దొరికిందట. మొన్ననే పెళ్ళయిందట. పిల్ల వయసెంతో అడగలేదు.

మార్చి 5

అడిగాను. ఇరవై దాటాయట, డిగ్రీ చదివిందట. షాజియా చెప్పింది, నా మొహం చూడకుండా. నమ్ముతున్నాను. పాఠంలో కూడా ఇంకో పిల్ల ఉంది. ఆమె గురించి గైడులో ఒక్క ప్రశ్న కూడా లేదు.

మార్చి 7

నమ్ముతున్నాను.

మార్చి 24, సోమవారం

ఇంగ్లీషు పరీక్ష. నాకు డ్యూటీ లేదు, అయినా బోధన్‌లో సెంటర్ దగ్గరికి వెళ్ళాను. గేటు బయట గోడ నీడలో హన్మవ్వ కూర్చుని ఉంది, టిఫిన్ డబ్బా ఒళ్ళో పెట్టుకుని. మనవరాలి వెంట రోజూ తనే వస్తోందట. గాలి సోకిన పిల్లను ఒంటరిగా ఎట్లా పంపుతారు మరి.

పక్కన కూర్చున్నాను. రా రా బిడ్డా అని కొంగుతో నేల తుడిచింది. పెళ్ళయినప్పుడు నీకెన్నేళ్ళు అవ్వా అని అడిగాను. ఎరుక లేదు, మా మామ నన్ను భుజాల మీద ఎక్కించుకుని తీసుకొచ్చాడు, అది మాత్రం యాదుంది అంది. తర్వాత తమలపాకు తీసి సున్నం డబ్బా మూత విప్పింది. ఎర్రటి వేళ్ళు. సున్నం. కొట్టంలో అద్దం తుడిచిన కందిలి. చనిపోయిన కూలీ ఆడమనిషి కథ గడపలో కూర్చుని ఊరికంతా చెప్పిన నోరు. అన్నీ అప్పుడే చూశాను, విన్నాను, ఈ డైరీలోనే రాసుకున్నాను.

"అవ్వా, తోటల కందిలి పట్టుకున్నది నువ్వేనా?"

హన్మవ్వ తొందరపడలేదు. ఆకు మడిచింది, నా చేతిలో పెట్టింది.

"సూసిన అంటివి గద బిడ్డా నిండు కొలువుల. మరి నీకే తెల్వాలె."

నవ్వు వచ్చింది, ఏడుపు కూడా వచ్చింది. సున్నం తక్కువనే ఏసిన, నోరు గాలది, తిను అంది. పాన్ తిన్నాను, జీవితంలో మొదటిసారి. ఇద్దరం గేటు వైపు చూస్తూ కూర్చున్నాం.

గంట కొట్టాక పిల్లలు గుంపుగా బయటికి వచ్చారు. సంజన మమ్మల్ని వెతుక్కుంటూ వచ్చి, ప్యాసేజ్ సులువుగా వచ్చింది మేడం, జవాబులన్నీ నా సొంతంగానే రాసిన అంది. బాగా రాశావా అని అడగడానికి నోరు తెరిచాను. నా నోరంతా ఎర్రగా పండి ఉంది. అది చూసి వాళ్ళ అవ్వను చూసింది, మళ్ళీ నన్ను చూసి, పరీక్ష అట్ట అడ్డం పెట్టుకుని నవ్వడం మొదలుపెట్టింది.